విశాఖ నీళ్ల కథ: ముడసర్లోవ నుంచి గోదారి దాకా ఎందుకు పోవాల్సొచ్చింది

సింహాచలం గిరి ప్రదక్షిణ ఒక్కసారైనా నడిచినవాళ్లకి ఈ పేర్లు మ్యాప్ చూడకుండానే వస్తాయి. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, తర్వాత బీచ్ వైపు దిగి మళ్లీ పైకి ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, అలా తిరిగి కొండ కిందకి, మొత్తం 32 కిలోమీటర్లు. నడిచేటప్పుడు మనకి కాళ్ల నొప్పులే గుర్తుంటాయి గానీ ఆ పేర్లని కాస్త పట్టి చూడండి, లోవ అంటే రెండు కొండల నడిమి పల్లం, వాక అంటే ఏరు, ధార అంటే చెప్పక్కర్లేదు. ఊరు చుట్టూ నీళ్ల పేర్లే. అలాంటి ఊరికి ఇవాళ తాగే నీళ్లు వంద కిలోమీటర్లు దాటి ఎక్కడో ఏలేశ్వరం దగ్గర నుంచి, ఆ పైన గోదారి నుంచి ఎందుకొస్తున్నాయి అన్నదే ఇక్కడ చెప్పాలనుకుంటున్నాను.

మన కొండలది ఖోండలైట్ రాయి. పైపైన బాగా చివికి పగుళ్లు పట్టి ఉంటుంది, వాన పడితే ఆ పగుళ్లలోకి ఇంకిపోయి నెమ్మదిగా కింద ఎక్కడో ఊటగా బయటికొస్తుంది, సింహాచలం కొండ మీద గంగధార అయినా మాధవధార అయినా అలా పుట్టినవే. కొండ మీద చెట్లుంటేనే ఈ పని జరుగుతుంది, కొండని చెక్కి లేఅవుట్ వేస్తే అదే వాన గంటలో రోడ్డు మీద పారి సముద్రంలో కలిసిపోద్ది. మా అమ్మమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నూతిలో చేద రెండు బారలు వదిలితే నీళ్లు తగిలేవట, బట్టలకి మాత్రం "గెడ్డకెళ్లొస్తానే" అని చెప్పి మూట నెత్తిన పెట్టుకుని పోయేదట. ఇప్పుడు ఆ గెడ్డ, అంటే కొండవాగు, ఉంది, కాకపోతే దానికి రెండు పక్కలా సిమెంట్ గోడ కట్టారు, పైన శ్లాబ్ వేశారు, అందరూ డ్రైన్ అంటారు.

1901 జనాభా లెక్కల్లో విశాఖపట్నంలో సుమారు 40 వేల మంది. అంతమందికి నూతులు, ఊటలు, తర్వాత బ్రిటిష్ వాళ్ల హయాంలో కట్టిన ముడసర్లోవ రిజర్వాయర్ సరిపోయాయి, అది కొండ పక్కనే ఉంది కాబట్టి నీళ్లు పల్లానికి వాటంతటవే వచ్చేవి. 1933లో హార్బర్ తెరిచారు. ఆ లోపలి హార్బర్ ఉన్న చోటు ఒకప్పుడు మేఘాద్రిగెడ్డ వచ్చి ఉప్పుటేరులా పరుచుకునే చిత్తడి నేల, దాన్ని తవ్వి ఓడలకి దారి చేశారు. ఊరి బతుకు మార్చిన పోర్టు కూడా ఒక గెడ్డ నోట్లోనే కట్టుకున్నాం అన్నమాట.

పోర్టు వచ్చాక షిప్‌యార్డ్, రిఫైనరీ, నేవీ, ఒకదాని వెనక ఒకటి, జనం పెరిగారు, నీళ్లు చాల్లేదు. 1960ల్లో గోస్తనీ నది మీద తాటిపూడి రిజర్వాయర్ కట్టారు. గోస్తనీ అంటే బొర్రా గుహల దగ్గర పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే నది. తర్వాత 1970ల్లో మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్, 1980ల్లో శారదా నది మీద దేవరాపల్లి దగ్గర రైవాడ. ఈ వరస చూడండి, ఒక నది చాలకపోతే ఇంకో నది దగ్గరికి పోయాం, ఉన్నదాన్ని బాగు చేసుకుందాం అన్న మాట మాత్రం పెద్దగా వినపడలేదు.

రైవాడ దగ్గరే తకరారు బాగా ముదిరింది. దేవరాపల్లి, చోడవరం, కె.కోటపాడు వైపు రైతులు ఆ ప్రాజెక్టు మా పొలాల కోసం కట్టారు, నీళ్లు మాకే వదలండి అని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. వాళ్లదేం గొంతెమ్మ కోరిక కాదు. మనం అపార్ట్‌మెంట్లో ఓవర్‌హెడ్ ట్యాంక్ పొర్లిపోతుంటే మోటార్ కట్టెయ్యడానికి లేవని పది నిమిషాల్లో కిందకి పోయే నీళ్లు అవతల ఒకాయన నారుమడి తడుపుకోడానికి ఎదురు చూసే నీళ్లు, ఈ సంగతి సిటీలో ఉన్నవాళ్లం ఎప్పుడూ అనుకోం.

స్టీల్ ప్లాంట్‌తో లెక్కే మారిపోయింది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. అంత పెద్ద ఫ్యాక్టరీకి మన గెడ్డలూ చిన్న నదులూ ఏం సరిపోతాయి, అందుకని ఏలేరు రిజర్వాయర్ నుంచి సుమారు 153 కిలోమీటర్ల కాలవ తవ్వారు. తాండవ, వరాహ, శారద నదుల్ని దాటుకుంటూ వచ్చే ఆ కాలవలోంచే మనకీ తాగునీళ్లు, అందుకే మన దగ్గర ఏలేరు నీళ్లు అంటాం. కాలవ తెరిచి ఉంటుంది, దారిలో ఎండకి ఆవిరి, నేలలోకి ఇంకుడు, అన్నీ ఉంటాయి. ఏలేరు కూడా తగ్గిపోయే ఏడాది గోదారి నీళ్లు తోడి అందులో కలుపుతున్నారు, 2017లో పురుషోత్తపట్నం ఎత్తిపోతల వచ్చింది, పోలవరం ఎడమ కాలవలో విశాఖ కోసం 23.44 టీఎంసీలు రాసి పెట్టారు. 2011 లెక్కలకే మన జనాభా 17 లక్షలు దాటింది, ఇంకా పెరుగుతూనే ఉంది.

ఇక్కడే కరెంటు సంగతి వస్తుంది, చాలామంది నీళ్లు వేరు కరెంటు వేరు అనుకుంటారు. వెయ్యి లీటర్ల నీళ్లు వంద మీటర్ల ఎత్తుకి ఎక్కించడానికి లెక్క ప్రకారమే పావు యూనిట్ పైన కావాలి, పంపులో మోటార్‌లో పోయేది కలుపుకుంటే 0.4 యూనిట్ దాకా వెళ్తుంది. నది దగ్గర ఒకసారి తోడి, ఫిల్టర్ బెడ్ నుంచి కొండ మీద ట్యాంక్‌కి ఒకసారి, మన అపార్ట్‌మెంట్ సంప్ నుంచి పైకి ఇంకోసారి. అంటే నీళ్లు ఎంత దూరం నుంచి తెచ్చుకుంటే అంత కరెంటు తాగుతాయి, పైపు లీకై పోయే నీళ్లతో పాటు దాన్ని ఎత్తిన కరెంటూ పోతుంది.

అసలు మనకి కరెంటు కూడా నదే ఇచ్చింది. మన ఏజెన్సీలో మత్స్యగెడ్డ అని పిలిచే ఏరే ఒడిశా బోర్డర్ దాటాక మాచ్‌ఖండ్, అక్కడ 1955లో జలవిద్యుత్ మొదలైంది. తర్వాత సీలేరు. పరవాడ దగ్గర సింహాద్రి బొగ్గు ప్లాంట్ చాలా తర్వాత వచ్చింది, 2000 మెగావాట్లు, చల్లబరచడానికి సముద్రం నీళ్లే వాడతారు, అది మంచి పని.

నదుల పుట్టుక దగ్గర ఏం జరుగుతుందో కూడా చూడాలి, నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. గోస్తనీ పుట్టే అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద గిరిజనులు చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1997లో సమత తీర్పుగా వచ్చింది, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు వాళ్లకి గనుల కోసం భూములు లీజుకివ్వడం చెల్లదు అని. అది గిరిజన హక్కుల తీర్పు అనే అందరూ చెప్తారు, నాకైతే మన కుళాయిని కాపాడిన తీర్పులా కూడా కనిపిస్తుంది. బాక్సైట్ (అల్యూమినియం తీసే ఖనిజం) ఉన్న కొండలు వాన నీళ్లు పీల్చి పట్టుకుంటాయి, ఎండాకాలం గెడ్డలు పారేది ఆ నీళ్లతోనే. 2015 నవంబర్‌లో చింతపల్లి, జెర్రెల బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అడవికి జీవో 97 వచ్చింది, ఏజెన్సీ అంతా లేచింది, 2019లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు ఎర్రవరం, పెదకోట లాంటి చోట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు (నీళ్లు పైకి తోడి పెట్టుకుని, కావాల్సినప్పుడు కిందకి వదిలి కరెంటు తీసేవి) అంటున్నారు, సోలార్, గాలి కరెంటు దాచుకోడానికి అలాంటివి కావాలి నిజమే, కానీ ఆ గెడ్డ మీద బతికే ఊళ్లని అడక్కుండా సర్వేకి దిగితే గ్రీన్ పవర్ అని పేరు పెట్టినంత మాత్రాన వాళ్లకి ఒరిగేదేమీ లేదు.

సిటీలో మంచి పనులు జరగలేదని కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని చీకటి చేసేశాక 90 వేల పైచిలుకు వీధి దీపాలు ఎల్ఈడీలకి మారాయి. 2018లో ముడసర్లోవ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు, 2021లో సింహాద్రి రిజర్వాయర్ మీద 25 మెగావాట్లు, పలకల నీడ పడిన చోట ఆవిరి తగ్గుతుంది, కరెంటూ నీళ్లూ రెండూ మిగులుతాయి. ముడసర్లోవ దగ్గర పొద్దున్నే వెళ్లి చూస్తే ఆ పలకల అంచుల మీద కొంగలు వరసగా కూర్చుని ఉంటాయి. కానీ దాని చుట్టూ కొండ వాలు మీద పడే వాన రిజర్వాయర్లోకి చేరే దారులు మూసుకుపోతే తేలడానికి కింద నీళ్లేవి?

పోయిన ఆషాఢంలో నడిచినప్పుడు మాధవధార దగ్గర ఆగాం. రాత్రి రెండు దాటింది, జనం లైన్లో నిలబడి దోసిళ్లు పడుతున్నారు, నేనూ పట్టాను, పళ్లు జివ్వుమన్నాయి. ఖాళీ బాటిల్ ఉంటే నింపుకున్నాను. పక్కన టార్చ్ పట్టుకుని కూర్చున్న పెద్దాయన్ని ఈ నీళ్లు ఇక్కణ్ణుంచి ఎటు పోతాయి తాతా అనడిగితే టార్చ్ కింద తూము వైపు తిప్పాడు, బిస్కెట్ కవర్లు, వాటర్ ప్యాకెట్లు అడ్డంపడి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. "ఎటేటి నాయనా, కాలవలోకే" అన్నాడు.