నీటి పరీక్షలో ‘కనబడలేదు’ అంటే

బోరు నీటిని పరీక్షకు పంపించి, తిరిగి వచ్చిన కాగితం మీద ‘పురుగుమందులు కనబడలేదు’ అన్న మాట చూడగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ మాటను అంత తొందరగా నమ్మకూడదు. ఏయే మందుల కోసం వెతికారు, ఎంత తక్కువ మోతాదు దాకా చూడగలిగారు, నీటిని ఎప్పుడు పట్టారు అన్నవి తెలిస్తేనే దానికి అర్థం ఉంటుంది.

ముందు మోతాదు సంగతి. మన దేశంలో అమ్మే సీసా నీళ్లలో 2003లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ఆ తరువాత ఒక్కో మందు లీటరుకు 0.1 మైక్రోగ్రాము (మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షలో వంతు) మించకూడదని హద్దు పెట్టారు. రెండున్నర ఎకరాల కుంటలో మీటరు లోతున నీళ్లున్నాయనుకుంటే, అవి దాదాపు కోటి లీటర్లు. అందులో ఒక్క గ్రాము, అంటే రెండు మూడు చిటికెల ఉప్పంత మందు కలిస్తే ఆ హద్దు దగ్గరికి వచ్చినట్టే.

అంత కొంచెం మందును ఏ యంత్రమైనా పట్టాలంటే ముందు దానిని ఒకచోట చేర్చాలి. లీటరు నీటిని మందును పట్టి ఉంచే పదార్థం నింపిన చిన్న గొట్టంలోంచి పంపి, అక్కడ అంటుకున్న మందును కొద్ది మిల్లీలీటర్ల ద్రావణితో, అంటే మందును కరిగించుకునే ద్రవంతో, కడిగి తీస్తారు. మట్టితో పని ఇంత తేలిక కాదు. నల్లరేగడిలోని బంకమన్ను, సేంద్రియ పదార్థం క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులను గట్టిగా పట్టుకుంటాయి. మోనోక్రోటోఫాస్‌కు నీళ్లంటే మక్కువ, మట్టిలో నిలవదు. ఒకే చేలో కొట్టిన రెండు మందుల్లో ఒకటి మట్టిలో దొరికితే రెండోది కాలువలో దొరకవచ్చు. అందుకే మట్టి ఒక్కటే పరీక్షించి ఊరుకోవడం నాకు నచ్చదు.

మట్టిలోంచి మందును తీయడానికి 2003లో వెలువడిన ఒక పద్ధతి ప్రయోగశాలల పనితీరునే మార్చేసింది. మొదట కూరగాయలు, పండ్ల కోసం రూపొందించిన దానిని మట్టికీ మలుచుకున్నారు. తడిపిన మట్టిలో అసిటోనైట్రైల్ అనే ద్రావణి పోసి, మెగ్నీషియం సల్ఫేటు, మామూలు ఉప్పు వేసి గట్టిగా కుదుపుతారు. అసిటోనైట్రైల్ మామూలుగా నీటిలో కలిసిపోతుంది. ఉప్పులు పడగానే అది విడిపోయి నూనెలా పైకి తేలుతుంది, వెంట మందులనూ తీసుకుపోతుంది. ఇంత సులువైన ఉపాయం అంత ఆలస్యంగా తట్టడం ఇప్పటికీ నన్ను ఆశ్చర్యపరుస్తుంది.

ఆ ద్రావణంలోని మందులను క్రోమటోగ్రఫీతో వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటరులో ఒక్కోదాన్నీ దాని ద్రవ్యరాశిని బట్టి గుర్తుపడతారు. మోనోక్రోటోఫాస్ అణువు విద్యుదావేశం పొంది ద్రవ్యరాశి 224 దగ్గర కనిపిస్తుంది. దానిని విరగ్గొడితే వచ్చే ముక్కల్లో ఒకటి 127 దగ్గర పడుతుంది. క్రోమటోగ్రఫీ నుంచి ఆ మందు బయటికి రావలసిన సమయంలోనే ఈ రెండు అంకెలూ జోడీగా కనిపిస్తేనే ఆ మందు ఉందని రాస్తారు. అంతకు ముందే, శుభ్రమైన మట్టిలో తెలిసిన మోతాదు కలిపి అందులో ఎంత తిరిగి దొరుకుతుందో చూస్తారు. సాధారణంగా నూటికి 70 నుంచి 120 వరకు వస్తే ఆ పద్ధతిని నమ్మవచ్చు.

అయితే యంత్రం తనకు చెప్పిన పేర్లనే వెతుకుతుంది. తాగునీటికి 2012లో వచ్చిన భారతీయ ప్రమాణంలో పురుగుమందుల పట్టికలో 18 పేర్లే ఉన్నాయి, వాటిలో గ్లైఫోసేట్ లేదు. అది మన పత్తి చేలలోనూ వాడుతూ వచ్చిన కలుపు మందు. అది నీటిని వదిలి అసిటోనైట్రైల్‌లోకి రాదు కాబట్టి, వందల మందులను ఒకేసారి వెతికే పరీక్షకు కూడా అది చిక్కదు. దానికి వేరే పరీక్ష చేయాలి.

పేరు మార్చుకునే మందులూ ఉన్నాయి. ఎండోసల్ఫాన్ మట్టిలో ఎండోసల్ఫాన్ సల్ఫేటుగా మారి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. డీడీటీ మెల్లగా డీడీఈగా మారుతుంది. రెండింటిలో డీడీటీ పాలు ఎక్కువ ఉంటే, ఈమధ్యే ఎవరో వాడారని అనుమానించాలి.

కాబట్టి సీసా ఇచ్చేటప్పుడే చేలో ఏ మందు, ఏ రోజున కొట్టారో చెప్పండి. నీళ్లు పట్టడానికి మందు కొట్టాక కురిసిన మొదటి గట్టి వాన తరువాతి రోజు మంచిది. సీసాలను మంచులో పెట్టి పంపాలి. చాలా మందులకు ముదురు రంగు గాజు సీసా సరిపోతుంది. గ్లైఫోసేట్ గాజుకు అంటుకునే స్వభావం గలది, దానికి విడిగా ప్లాస్టిక్ సీసా కావాలి.