మంటల ఆనవాళ్లను శాస్త్రం ఎప్పుడు పరీక్షించింది?

హత్య కేసుల్లో సాధారణంగా నేరం జరిగిందన్న సంగతి ముందే తెలుస్తుంది, చేసిందెవరో తేలాలి. ఇల్లు తగలబడి మనుషులు చనిపోతే అసలు నేరం జరిగిందా లేదా అన్నదే నిపుణుడు చెప్పాలి. ఆయన పొరబడితే, జరగని నేరానికి ఒక మనిషి జైలుకు వెళ్తాడు. ఆ మనిషి చాలాసార్లు ఆ మంటల్లో సొంత బిడ్డలను పోగొట్టుకున్నవాడే. అమెరికాలో పాత గృహదహనం కేసులను ఇప్పుడు తిరగదోడడానికి కారణం ఇదే.

అక్కడ అగ్నిప్రమాదాలను దర్యాప్తు చేసేవారిలో ఎక్కువమంది అగ్నిమాపక దళం నుంచో పోలీసు శాఖ నుంచో వచ్చినవారు. పెద్దల వెంట తిరిగి పని నేర్చుకున్నారు. కిటికీ గాజు నిండా సన్నని పగుళ్లుంటే పెట్రోలు వంటిది పోసి వేడిని ఒక్కసారిగా పెంచారని వాళ్ల లెక్క. నేల మీద మడుగు ఆకారంలో మాడిన మచ్చ ఉంటే ద్రవం పోసింది అక్కడే. గుమ్మం దగ్గరి అల్యూమినియం పట్టీ కరిగినా, కాంక్రీటు పెచ్చులూడినా అదే నిర్ధారణ. 1977లో న్యాయశాఖ కోసం జరిగిన ఒక సర్వే, ఈ గుర్తులకు శాస్త్రీయ పరీక్ష దాదాపు జరగనే లేదని రాసింది. అయినా 1980లో జాతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన కరదీపికలో అవే గుర్తులు మళ్లీ అచ్చయ్యాయి. ఆ ముద్ర పడిన తర్వాత సాక్షి బోనులో వాటిని ప్రశ్నించడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

మలుపు ఒక ప్రాసిక్యూషన్ ప్రయోగంతో వచ్చింది. 1990లో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లోని లైమ్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు కాలి ఆరుగురు చనిపోయారు. సోఫాకు నిప్పంటుకుందని ప్రాణాలతో బయటపడిన తండ్రి చెప్పాడు. నేల మీది మచ్చలను చూసిన అధికారులు ఆయనే పెట్రోలు పోశాడన్నారు. ఆయన మాట అబద్ధమని నిరూపించడానికి నిపుణులు పక్కనే ఉన్న, అదే నమూనా ఇంట్లో అలాంటి సామాన్లే అమర్చి సోఫాకు నిప్పు పెట్టారు. గది మొత్తం అంటుకోవడానికి కనీసం పావుగంట పడుతుందని అంచనా. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క చుక్క పెట్రోలు లేకుండానే నేల మీద అవే మచ్చలు పడ్డాయి. కేసు ఉపసంహరించుకున్నారు.

జరిగింది ఇది. మండుతున్న వస్తువు నుంచి లేచే వేడి పొగ పైకప్పు కింద పొరగా పేరుకుంటుంది. దాని ఉష్ణోగ్రత దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి కిందికి ప్రసరించే వేడికి తివాచీతో సహా గదిలో కాలేవన్నీ ఇంచుమించు ఒకేసారి అంటుకుంటాయి. దీన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఆ తర్వాత మంట గాలి దొరికినచోట ఎక్కువగా కాలుస్తుంది. అందుకే గుమ్మాల దగ్గర, కిటికీల కింద లోతైన మచ్చలు పడతాయి. వాటిని చూసి పెట్రోలు పోశారనుకోవడం తేలిక.

మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల్లో కార్చిచ్చు చెలరేగి వేల ఇళ్లు బూడిదయ్యాయి. అక్కడ ఎవరూ ఇళ్లలో పెట్రోలు పోయలేదు. పరిశోధకులు 50 ఇళ్ల శిథిలాలను పరిశీలిస్తే 12 చోట్ల గాజు పగుళ్లు కనిపించాయి. ప్రయోగశాలలో గాజును ఎంత వేగంగా వేడి చేసినా అలాంటి పగుళ్లు రాలేదు. వేడెక్కిన గాజు మీద నీళ్లు చల్లితే వచ్చాయి. అంటే ఏళ్ల తరబడి నిందితుడికి వ్యతిరేకంగా చూపిన గుర్తు, మంటలార్పే గొట్టం నుంచి పడిన నీళ్ల వల్ల కూడా ఏర్పడేదే. ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఇదే. ఇంత చిన్న ప్రయోగం అంతకు ముందే చేసి ఉండవలసింది.

1992లో జాతీయ అగ్ని రక్షణ సంఘం 'ఎన్‌ఎఫ్‌పీఏ 921' అనే మార్గదర్శిని తెచ్చింది. శాస్త్రీయ పద్ధతిలోనే కారణం తేల్చాలన్నది దాని సారాంశం. వృత్తిలో ఉన్నవారు చాలామంది దాన్ని ఇష్టపడలేదు. శాస్త్రీయ సాక్ష్యాన్ని న్యాయమూర్తులే జల్లెడ పట్టాలని 1993లో సుప్రీంకోర్టు డాబర్ట్ కేసులో చెప్పినప్పుడు, తమ పని అంత శాస్త్రీయం కాదు కనుక ఆ పరీక్ష తమకు వర్తించదని దర్యాప్తుదారుల అంతర్జాతీయ సంఘం మరో కేసులో వాదించింది. 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

ఆ లోగా టెక్సాస్‌లో పాత పద్ధతే ఒకరిని మరణశిక్ష దాకా తీసుకెళ్లింది. 1991 డిసెంబరులో కోర్సికానాలోని తన ఇంట్లో మంటలు చెలరేగి కామెరాన్ టాడ్ విల్లింగ్‌హామ్ ముగ్గురు కూతుళ్లు చనిపోయారు. గాజు పగుళ్లు, నేల మచ్చలు చూపి ఆయనే నిప్పు పెట్టాడన్నారు. ఆ సాక్ష్యానికి శాస్త్రీయ ఆధారం లేదని నిపుణుడు జెరాల్డ్ హర్స్ట్ ఇచ్చిన నివేదిక అధికారులకు చేరినా, 2004 ఫిబ్రవరిలో శిక్ష అమలైంది. 2009లో రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ కమిషన్ నియమించిన నిపుణుడు క్రెయిగ్ బేలర్ కూడా అదే తేల్చారు. 2013లో టెక్సాస్, శిక్షకు ఆధారమైన శాస్త్రమే తప్పని తేలితే కేసును తిరిగి తెరిపించుకునే వీలు కల్పిస్తూ చట్టం చేసింది. పెన్సిల్వేనియాలో కూతురిని చంపాడని 1990లో శిక్షపడిన తండ్రి 2014లో గానీ విడుదల కాలేదు.

సమస్య పాత కేసులతో తీరలేదు. 2005లో లాస్ వేగస్‌లో రెండు గదులను ఫ్లాష్‌ఓవర్ తర్వాత సుమారు రెండు నిమిషాలు కాలనిచ్చి, మంట ఏ మూల మొదలైందో చెప్పమని 53 మంది దర్యాప్తుదారులను అడిగారు. ఒక్కో గదికి సరిగ్గా చెప్పినవారు ముగ్గురే. ప్రమాదవశాత్తూ జరిగే కారణాలేవీ కనిపించలేదు కనుక ఎవరో పెట్టారని తేల్చడం శాస్త్రీయం కాదని 2011 నాటి మార్గదర్శి స్పష్టం చేసింది. అలాంటప్పుడు నివేదికలో రాయవలసింది 'కారణం తేలలేదు' అనే. ఆ మాట రాసిన నిపుణుడిని చేతకానివాడిగా చూడకుండా ఉండటం కోర్టులు, పోలీసులు ఇంకా నేర్చుకోవలసిన పని.