మోకాలి నొప్పి పోయినంత మాత్రాన మోకాలు బాగైనట్టు కాదు: ఆటగాళ్ల అపోహలు – వాస్తవాలు

ఒకసారి బెణికిన మోకాలు ఆరు నెలలు తిరక్కుండా మళ్లీ బెణుకుతోందంటే, చాలాసార్లు లోపం మోకాల్లోనే కాదు, తొడలోనూ ఉంటుంది. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే చెమటోడ్చే ఉద్యోగికైనా, సంక్రాంతి పోటీలకు ఊళ్లో వాలీబాల్ ఆడే కుర్రాడికైనా ఇదే వరస. ఫిజియోథెరపీ గదిలో మేం తరచూ వినే మాటలు కొన్ని, వాటి అసలు సంగతి ఇది.

అపోహ: నొప్పి పోయింది, ఇక ఆడొచ్చు

మోకాల్లో నీరు చేరితే తొడ ముందు కండరానికి నరాల నుంచి అందే సంకేతం తగ్గిపోతుంది. కండరం పూర్తిగా బిగుసుకోదు, వారం తిరిగేసరికి సన్నబడటం మొదలవుతుంది. వాపు దిగినా ఆ బలం దానంతటది రాదు. ఆ కాలితో ఎగిరి దిగితే కండరం మోయాల్సిన భారం లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టే పట్టీ) మీద పడుతుంది. రెండో దెబ్బకు దారి అదే.

ఇంట్లోనే చూసుకోవచ్చు. కాలు చాపి కూర్చుని, మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి కొలిచి పెన్నుతో గీత పెట్టండి. రెండు తొడలకూ ఆ గీత దగ్గరే టేపు చుట్టండి. తేడా 2 సెంటీమీటర్లుంటే కండరం బాగా తగ్గినట్టే. ఆ తర్వాత కుర్చీ పరీక్ష. ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, గోడకు ఆనించిన చెక్క కుర్చీ అయితే మేలు. చేతులు కట్టుకుని ఒంటికాలి మీద లేచి కూర్చోవాలి. మంచి కాలితో 10సార్లు లేవగలిగి, రెండోదానితో అయిదుకే మోకాలు లోపలికి వాలిపోతుంటే ఇంకా ఆటకు తొందరే. ఇందులో రెండు కాళ్లూ సమానమయ్యాకే ఒంటికాలి గెంతు చూడండి. మంచి కాలు 120 సెంటీమీటర్లు గెంతితే దెబ్బతిన్నది కనీసం 108 గెంతాలి, అంటే 90 శాతం. గెంతి తూలకుండా నిలబడాలి కూడా. చాలామంది దూరం చూసి మురిసిపోతారు, దిగే తీరు చూసుకోరు.

అపోహ: ఎక్స్‌రే బాగుంది, కాబట్టి ఏమీ లేదు

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది. లిగమెంటు, మెనిస్కస్ (కీలు మధ్య ఉండే మెత్తలాంటి పొర) కనిపించవు. వాపు ఎప్పుడొచ్చిందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి, సగం రోగం అక్కడే తెలుస్తుంది. కాలు మెలిపడినప్పుడు టప్పుమని శబ్దం వచ్చి, రెండు గంటల్లోపే మోకాలు ఉబ్బితే లోపల రక్తం చేరి ఉండొచ్చు, ముందుగా మోకాలి నడుమ ఉండే లిగమెంటైన ఏసీఎల్‌ని అనుమానించాలి. తెల్లారేసరికి నెమ్మదిగా వాచి, మధ్యలో పట్టేస్తుంటే మెనిస్కస్. వాపేమీ లేకుండా ఎగిరినప్పుడు చిప్పకు సరిగ్గా కింద గుచ్చుతుంటే టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు. నాలుగడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, వంగిన చోటే బిగుసుకుపోయినా అదే రోజు ఎముకల డాక్టరుకు చూపించాలి.

అపోహ: కట్టు కట్టి కదపకుండా ఉంటే అతుక్కుంటుంది

అది విరిగిన ఎముక సంగతి. పుత్తూరు కట్టయినా, ఆసుపత్రి సిమెంటు కట్టయినా ఆరు వారాలు మోకాలిని బిగించేస్తే కీలు బిగుసుకుంటుంది, తొడ ఇంకా సన్నబడుతుంది. లోపలి పక్క లిగమెంటు చిన్నగా చిరిగితే మోకాలు మడవనిచ్చే బ్రేసు వేసుకుని కదిలిస్తూనే మాన్పుకోవచ్చు. పూర్తిగా తెగిన ఏసీఎల్ మాత్రం చాలామందిలో దానంతటది అతకదు. కబడ్డీ, ఫుట్‌బాల్ లాంటి మలుపుల ఆటలు ఆడాలనుకునేవాళ్లకు, నడకలోనే మోకాలు జారిపోతున్నవాళ్లకు ఆపరేషన్ మాట వస్తుంది. చేయించుకుంటే మళ్లీ ఆటకు కనీసం 9 నెలలు పడుతుంది. ఆరో నెలలో కాలు బాగానే ఉన్నట్టనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే.

అపోహ: మాత్ర వేసుకుని దిగితే సరి

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి నొప్పిని కప్పేస్తాయి, బలం ఇవ్వవు. పైగా మన ఎండల్లో చెమట కారి ఒళ్లు ఆరిపోయినప్పుడు అవి కిడ్నీకి అందే రక్తాన్ని తగ్గిస్తాయి. కనిగిరి, మార్కాపురం వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా వీటి జోలికి పోవద్దు. టెండన్‌లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ మాటకొస్తే, నొప్పి కొన్నాళ్లు మాయమైనా టెండన్ బలహీనపడి తెగే ప్రమాదం ఉంది.

అపోహ: నీ క్యాప్ (మోకాలికి తొడిగే సాగే పట్టీ) ఉంటే ఏమీ కాదు

వెచ్చగా ఉంటుంది, కాలు మీద ధ్యాస ఉంటుంది. మెలిపడటాన్ని మాత్రం ఆపదు.

అపోహ: చిప్ప కింది నొప్పికి పూర్తి విశ్రాంతే మందు

వాలీబాల్ వాళ్లకు ఎక్కువగా వచ్చే నొప్పి ఇది. నెల రోజులు పడుకుంటే నొప్పి తగ్గుతుంది, మొదటి స్మాష్‌కే తిరిగొస్తుంది. బరువు మోస్తేనే టెండన్ గట్టిపడుతుంది. మొదట గోడకు వీపు ఆనించి, కుర్చీలో కూర్చున్నంత కిందికి కాకుండా కొంచెం పైనే ఆగండి. 45 సెకన్లు చొప్పున 5 సార్లు, మధ్యలో 2 నిమిషాల విరామం. రెండు వారాలయ్యాక వీపుకు సంచి తగిలించుకుని గుంజీళ్ల లాంటివి: దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు, ఎనిమిదేసి చొప్పున 4 విడతలు, రోజు విడిచి రోజు. సంచిలో 5 కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండేసి కిలోలు పెంచండి. మొలగొలుకుల బియ్యమే నింపనక్కర్లేదు, ఇసుకైనా చాలు. చేసేటప్పుడు పదికి మూడు దాకా నొప్పి ఉంటే భయం లేదు. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు ముందు రోజుకన్నా ఎక్కువైతే బరువు తగ్గించండి. ఇలా 12 వారాలు. మూడో వారంలో నొప్పి తగ్గగానే మానేసేవాళ్లే ఎక్కువ.

అపోహ: మోకాళ్లలో చప్పుడు వస్తే గుజ్జు అరిగినట్టే

నొప్పి, వాపు లేని చప్పుడును పట్టించుకోనక్కర్లేదు.

అపోహ: మోకాలి దెబ్బ ఆటలోనే ఉంటుంది, నేలతో పనేముంది

మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుకలో ఎగిరి దిగినప్పుడు తగిలే అదురు తగ్గుతుంది. అయితే పాదం కూరుకుపోయి పిక్క మీద, మోకాలి మెలిక మీద భారం పెరుగుతుంది. దెబ్బ నుంచి కోలుకున్నవాళ్లు మొదట 20 నిమిషాలకు మించొద్దు. అలల పక్కన వాలు నేల వద్దే వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో నల్లరేగడి మైదానాలు ఇంకా ప్రమాదం. బురద పట్టి బూటు నేలలోనే ఉండిపోతుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది, ఏసీఎల్ తెగేది అలాగే. వాన వెలిశాక గేదెలు తొక్కిన గిట్టల గుంటలు ఎండి రాయిలా గట్టిపడతాయి. సంక్రాంతి పోటీలకు గీతలు కొట్టేముందు పార, నీళ్లు పట్టుకుని ఆ గుంటలు పూడ్చి, రోలర్ తిప్పించి, మర్నాడు ఆరాకే వల కట్టండి.