శ్రీశైలం తగాదా అంతా అడుగుల్లోనే

కృష్ణకు వరద మొదలైతే చాలు, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింట్లోనూ శ్రీశైలం జలాశయం నీటిమట్టం రోజువారీ వార్త అవుతుంది. నిండుమట్టం 885 అడుగులని చాలామందికి తెలుసు. అసలు గొడవ మాత్రం ఆ కిందనున్న 854, 834 అంకెల దగ్గర.

1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఇది అచ్చంగా కరెంటు ప్రాజెక్టు. నల్లమలలో కృష్ణ కొండల మధ్య ఇరుక్కుని పారే చోటు చూసి కట్టారు కాబట్టి డ్యామ్ పొడవు 512 మీటర్లే, ఎత్తు మాత్రం 145. పైన 12 గేట్లు. పని సాగీ సాగీ 1980ల మొదట్లో గానీ టర్బైన్లు తిరగలేదు. టర్బైన్లు తిప్పిన నీళ్లు ఎక్కడికీ పోవు, దిగువన నాగార్జునసాగర్‌కే చేరతాయి. అందుకే కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీన్ని విద్యుత్ ప్రాజెక్టుగానే చూసి, ఆవిరయ్యే నీటి కింద 33 టీఎంసీలు లెక్క కట్టి ఊరుకుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే మునిగాయి. సంగమేశ్వరం గుడి ఇప్పటికీ మట్టం బాగా పడిపోయిన నెలల్లోనే బయటపడుతుంది.

తర్వాత చెన్నైకి 15 టీఎంసీల తాగునీరు ఇవ్వాలన్న ఒప్పందం, తెలుగుగంగ కాలువ, శ్రీశైలం కుడిగట్టు కాలువ వచ్చాయి. వీటన్నిటికీ జలాశయం నుంచి నీళ్లు వెళ్లే తలుపు పోతిరెడ్డిపాడు రెగ్యులేటర్. దాని సామర్థ్యాన్ని 2005లో 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచాలని నిర్ణయించడంతో తెలంగాణలో పెద్ద దుమారమే రేగింది.

చిక్కు ఇక్కడే ఉంది. పోతిరెడ్డిపాడు దగ్గర మోటార్లు లేవు, నీరు వాలుకే పారాలి. మట్టం 841కి దిగితే కాలువకు చుక్క అందదు. 854 ఉన్నా అందేది కొంతే, నిండుగా పారాలంటే 880 దాటాలి. టర్బైన్లకు ఆ ఇబ్బంది లేదు, చాలా కిందికి దిగినా తిరుగుతాయి. జలాశయంలో ఉంచాల్సిన కనీస మట్టం 834 అని 1996లో ఒక జీవో, కాదు 854 అని 2004లో ఇంకో జీవో. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి అది ఇంటి పంచాయితీగానే నడిచింది.

2014లో రాష్ట్రం విడిపోయాక కుడిగట్టున ఉన్న 770 మెగావాట్ల కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు, ఎడమగట్టున కొండ లోపల తొలిచి కట్టిన 900 మెగావాట్లది తెలంగాణకు వెళ్లాయి. ఒకే జలాశయం, రెండు మీటలు. 2021లో మట్టం ఇంకా పెరగకముందే తెలంగాణ పూర్తిస్థాయిలో ఉత్పత్తికి దిగింది. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇది కరెంటు ప్రాజెక్టేనని తెలంగాణ, మా కాలువలు ఎండుతున్నాయని ఆంధ్ర. కాగితం చూస్తే తెలంగాణ మాటకు బలముంది, సీమ పొలాలు చూస్తే ఆంధ్ర మాటకూ ఉంది.

ఈలోగా పూడిక తన పని తాను చేసుకుపోయింది. మొదట 308 టీఎంసీలు పట్టిన జలాశయంలో ఇప్పుడు లెక్కకు 215 చిల్లరే. మరోపక్క 800 అడుగుల దగ్గరి నుంచే రోజుకు 3 టీఎంసీలు తోడే రాయలసీమ ఎత్తిపోతలకు ఆంధ్రప్రదేశ్ 2020లో జీవో ఇచ్చింది. తెలంగాణ పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలు తోడుకునేదీ ఈ జలాశయం నుంచే.