చెరోకీలు: అపోహలు, వాస్తవాలు

"రెడ్ ఇండియన్" అనగానే మన పత్రికలు వేసే బొమ్మ ఒకటుంది. తల మీద ఈకల కిరీటం, వెనక శంఖం ఆకారపు గుడారం, పక్కన గుర్రం. ఆ బొమ్మ లకోటాల వంటి మైదాన ప్రాంతపు జాతులది. చెరోకీలు అమెరికా మూలవాసుల్లో మరో జాతి, వాళ్ల సొంత గడ్డ అక్కడ కాదు. అమెరికా ఆగ్నేయాన అపలాచియన్ కొండలు, అంటే ఇప్పటి ఉత్తర కరోలినా, టెనెస్సీ, జార్జియా ప్రాంతాలు వాళ్లవి.

అపోహ: గుడారాల్లో ఉంటూ వేట మీద బతికేవారు.

వేట ఉండేది. కానీ వాళ్లు ఏటి ఒడ్డున ఊళ్లు కట్టుకున్న రైతులు. పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. చిక్కుడు తీగ మొక్కజొన్న కాడను పట్టుకుని పాకేది, గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపును అణిచేది. గుంజలు పాతి, మధ్యలో సన్న కొమ్మలతో తడిక అల్లి, పైన మట్టి మెత్తితే వాళ్ల గోడ. మన పల్లెల్లో పాత మట్టి ఇళ్లు చూసినవాళ్లకు ఆ పద్ధతి కొత్త కాదు. 18వ శతాబ్దం చివరికి దుంగల ఇళ్లు వచ్చాయి, మగవాళ్లు తలకు పాగా చుట్టడం మొదలుపెట్టారు. ఈకల కిరీటంతో కనిపించే చెరోకీల ఫోటోలు చాలావరకు 20వ శతాబ్దంలో ఉత్తర కరోలినాకు వచ్చిన టూరిస్టుల కోసం తీసినవి. సినిమాల్లో చూసిన వేషమే వాళ్లు అడిగేవారు మరి.

మొక్కజొన్న వండే తీరు కూడా తెలుసుకోవాలి. ఎండిన గింజల్ని కట్టెబూడిద కలిపిన నీళ్లలో ఉడికిస్తే పొట్టు ఊడుతుంది. బాగా కడిగి, దుంగను తొలిచి చేసిన రోట్లో దంచుతారు. వాళ్ల రోకలికి బరువంతా పై చివరే, రోట్లోకి దిగేది సన్నటి కొన. బూడిద నీళ్ల వల్ల పొట్టు పోవడం ఒక్కటే కాదు, గింజలో బిగుసుకుని ఉన్న నయాసిన్ విటమిన్ ఒంటికి పడుతుంది. మొక్కజొన్నను పట్టుకెళ్లి ఈ పద్ధతిని వదిలేసిన యూరప్‌లో, మొక్కజొన్నే తిండిగా బతికిన పేదలు ఆ విటమిన్ చాలక పెల్లాగ్రా జబ్బున పడ్డారు.

అపోహ: సెక్వోయా ఇంగ్లీషు అక్షరాలనే చెరోకీకి సర్దాడు.

చెరోకీ భాషకు లిపి కట్టిన సెక్వోయా చెరోకీ వెండి పనివాడు. ఇంగ్లీషు చదవడం రాదు. మొదట మాటకో గుర్తు చొప్పున గీస్తూ పోయాడు. గుర్తులు వేలకు చేరేసరికి దాన్ని వదిలేసి, మాటను పలుకులుగా విడగొట్టి, ఒక్కో పలుకుకు ఒక్కో గుర్తు పెట్టాడు. 1821 నాటికి లిపి సిద్ధమైంది. మొదట నేర్చుకున్నది ఆయన చిన్న కూతురు అయోకా. 1825లో చెరోకీ నేషన్, అంటే చెరోకీల సొంత ప్రభుత్వం, దాన్ని అధికారికంగా స్వీకరించింది. 1828 ఫిబ్రవరి 21న అప్పటి చెరోకీ రాజధాని న్యూ ఎకోటాలో 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక రెండు భాషల్లో వెలువడింది. దాని అచ్చు అక్షరాలు బోస్టన్‌లో పోతపోశారు.

కొన్ని గుర్తులు ఇంగ్లీషు అక్షరాల్లా కనిపించే మాట నిజమే. పలుకు మాత్రం పూర్తిగా వేరు. ఇంగ్లీషు డి లాంటిది 'అ', ఆర్ లాంటిది 'ఎ', టి లాంటిది 'ఇ', హెచ్ లాంటిది 'మి', ఎమ్ లాంటిది 'లు', జడ్ లాంటిది 'నో'.

తెలుగు చదివేవాళ్లకు ఈ లిపి సగం సులువు, సగం కష్టం. పలుకును అక్షరంగా చూడటం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. కష్టమల్లా గుణింతం లేకపోవడం. మనకు 'క' వస్తే కొమ్ములూ గుడులూ తగిలించి కి, కు, కె రాసేస్తాం. అక్కడ గ, గె, గి, గో, గు ఒకదానితో ఒకటి పోలికే లేని బొమ్మలు. ఒత్తులు లేవు, పొల్లు ఒక్క 'స్'కే ఉంది. రెండు హల్లులు కలిసిన చోట ఏదో ఒక అచ్చున్న అక్షరం రాస్తారు, చదివేవాడు ఆ అచ్చును మింగేయాలి. మొదట 86 గుర్తులు, ఒకటి వాడుక తప్పి ఇప్పుడు 85. అన్నీ కంఠస్థం చేయాల్సినవే.

నేర్చుకునేవాళ్లు పొరపడే చోట్లు మూడు. గ, క లకు విడి అక్షరాలున్నాయి గానీ గె, కె లకు ఒకటే. ద-త, దె-తె, ది-తి విడివిడి, దో-తో మళ్లీ ఒకటే. మాట ముందే తెలియకపోతే ఏది పలకాలో తేలదు. స్వరం ఎత్తు తగ్గులు, అచ్చు పొడవు అర్థాన్ని మార్చేవే అయినా లిపిలో కనబడవు. ఇక ఆరో అచ్చు. రోమన్ రాతలో దాన్ని వీ అక్షరంతో సూచిస్తారు కాబట్టి చాలామంది 'వ' అని చదివేస్తారు. అది ముక్కుతో పలికే 'అఁ'. మన అరసున్న గుర్తుంటే చాలు. పెదవులు కలిపి పలికే ప, బ ఈ భాషలో లేవు. 'మ' ఒక్కటే ఉంది, అదీ అరుదు.

కంప్యూటర్‌లో రాసేవాళ్లు మరో సంగతి గమనించాలి. ఇంగ్లీషు డి నొక్కి చెరోకీ 'అ' రాశామనుకుంటే కంటికి తేడా తెలియదు, వెతికితే మాత్రం దొరకదు. సున్నకు బదులు ఇంగ్లీషు ఓ కొట్టిన తెలుగు మాట దొరకనట్టే. యూనికోడ్‌లోకి ఈ లిపి 1999లో వచ్చింది, చిన్న అక్షరాలు 2015లో చేరాయి. పాత ఫాంట్లలో ఆ చిన్న అక్షరాలు ఖాళీ డబ్బాలుగా కనిపిస్తే తప్పు మీ రాతది కాదు.

అపోహ: సొంత లిపి ఉంది కాబట్టి భాషకు ఢోకా లేదు.

లిపి పుస్తకాన్ని కాపాడుతుంది. భాష బతకాలంటే ఇంట్లో పిల్లలు మాట్లాడాలి. 2019 నాటికే ధారాళంగా మాట్లాడేవారు సుమారు రెండు వేలే, వాళ్లలో ఎక్కువమంది పెద్దవయసువారు. 2019లో మూడు చెరోకీ ప్రభుత్వాలూ కలిసి భాష విషయంలో అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. ఓక్లహోమాలోని టాలెక్వాలోనూ, ఉత్తర కరోలినాలోనూ అన్ని పాఠాలూ చెరోకీలోనే చెప్పే బడులు నడుస్తున్నాయి.

అపోహ: వాళ్ల కులగోత్రాలు మనలాంటివే.

వంశాలు ఏడు: తోడేలు, జింక, పక్షి, రంగు, నీలం, పొడవు జుట్టు, అడవి దుంప. ఒకే వంశంలో పెళ్లి నిషిద్ధం, అంతవరకు మన సగోత్రం లాంటిదే. అయితే వంశం వచ్చేది తల్లి నుంచి. ఇల్లూ పొలమూ ఆడవాళ్లవి. పిల్లల్ని తీర్చిదిద్దే బాధ్యత తండ్రి కన్నా మేనమామది. ఆ మేనమామది తల్లి వంశమే, అంటే అమ్మాయి వంశమే. కాబట్టి మనవైపు ఇన్నాళ్లూ నడిచిన మేనమామ పెళ్లి అక్కడ ఊహకు అందనిది. తండ్రి వంశంలోనూ చేసుకోకూడదు గనుక మేనత్త పిల్లలూ కుదరరు.

అపోహ: జాక్సన్ సైన్యం అందర్నీ ఒకేసారి ఒకే దారిన తరిమింది.

మూలవాసుల్ని మిసిసిపీ నదికి పడమటికి పంపే 1830 తరలింపు చట్టం మీద సంతకం అప్పటి అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ది. చెరోకీలను పంపింది ఇప్పటి ఓక్లహోమాకు. 1832లో సుప్రీంకోర్టు వర్సెస్టర్ కేసులో చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవంది. తీర్పు అమలు కాలేదు. 1835 డిసెంబరులో చెరోకీ ప్రభుత్వ అనుమతి లేకుండానే ఒక చిన్న వర్గం న్యూ ఎకోటాలో 50 లక్షల డాలర్లకు తూర్పు భూమినంతా రాసిచ్చేసింది. అధినేత జాన్ రాస్ దాన్ని వ్యతిరేకించాడు. అయినా సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో ఒప్పందం గట్టెక్కింది.

1838 మే నెలలో ఇళ్ల మీద పడి జనాన్ని పట్టి శిబిరాల్లో వేసేనాటికి అధ్యక్షుడు వాన్ బ్యూరెన్, సైన్యాధిపతి విన్‌ఫీల్డ్ స్కాట్. వేసవిలో సైన్యం కొందరిని నదుల మీదుగా పంపింది. కరువు, జబ్బులు చూసి, మిగిలినవారిని తామే తీసుకెళ్తామని రాస్ ఒప్పించాడు. ఆ జనం ఎక్కువగా నేల దారినే, గుంపులుగా కదిలారు. మిసిసిపీ నదిలో మంచుగడ్డలు అడ్డం పడి, దాటలేక చలిలో నిలిచిపోయిన గుంపులున్నాయి. తరలినవారు దాదాపు 16,000. చనిపోయినవారు సుమారు 4,000 అని అంచనా. వీళ్లలో చాలామందిని దారి కన్నా ముందు శిబిరాల్లోని విరేచనాలు, తట్టు, కోరింత దగ్గు చంపాయి.

ఒప్పందంపై సంతకం పెట్టినవారిలో ఫీనిక్స్ తొలి సంపాదకుడు ఎలయాస్ బౌడినాట్ ఒకడు. 1839 జూన్ 22న సొంత జాతివాళ్లే అతణ్నీ, మేజర్ రిడ్జ్‌నూ, జాన్ రిడ్జ్‌నూ చంపారు.

తరచుగా దాటేసే సంగతి ఇంకొకటి. సంపన్న చెరోకీలకు నల్లజాతి బానిసలుండేవారు. 1835 జనగణనలో లెక్కకొచ్చినవారే 1,592 మంది. ఆ బానిసలూ అదే దారిన నడిచారు.

అపోహ: డీఎన్‌ఏ పరీక్షలో తేలితే చెరోకీ అయిపోవచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఆఫీసులో ఈ మాట వినే ఉంటారు: "మా ముత్తవ్వ చెరోకీ రాకుమారి." చెరోకీలకు రాజులే లేరు, రాకుమారి ఎక్కడిది? పౌరసత్వం ఇచ్చేది పాత జాబితాలు, ల్యాబు కాదు. గుర్తింపు పొందిన ప్రభుత్వాలు మూడు. చెరోకీ నేషన్‌కు డాస్ జాబితా అనే పాత ప్రభుత్వ నమోదులో ఉన్న పూర్వీకుడి నుంచి నేరుగా వంశక్రమం చూపాలి, రక్తశాతం నిబంధన లేదు. ఉత్తర కరోలినాలోని తూర్పు చెరోకీలకు 1924 బేకర్ జాబితాతో పాటు కనీసం పదహారో వంతు రక్తం ఉండాలి. యునైటెడ్ కీటూవా బ్యాండ్‌కు నాలుగో వంతు.

పాత బానిసల వారసుల మాటేమిటి? 1866 ఒప్పందం వాళ్లకు చెరోకీలతో సమానమైన హక్కులిచ్చింది. 2007లో చెరోకీ నేషన్ రాజ్యాంగ సవరణతో వాళ్లను తొలగించే ప్రయత్నం జరిగింది. 2017లో ఫెడరల్ కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. 2021లో చెరోకీ నేషన్ సుప్రీంకోర్టు తన రాజ్యాంగం నుంచి 'రక్తం ద్వారా' అన్న మాటల్ని కొట్టేసింది.