లొంగుబాటు కరపత్రాలు: అపోహలు - వాస్తవాలు

యుద్ధకాలపు కాగితాలను భద్రపరచి జాబితాలు తయారుచేయడం నా వృత్తి. శత్రుసైనికుల మీద విమానాల నుంచి జారవిడిచిన కరపత్రాల గురించి తరచూ వినపడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కరపత్రం చదవగానే సైనికుడి మనసు మారిపోతుంది.

అంత తేలిగ్గా మారదు. రెండో ప్రపంచయుద్ధంలో పట్టుబడిన జర్మన్లను ప్రశ్నించినప్పుడు తేలిందేమిటంటే, తమ దళం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం నాజీ వ్యతిరేక ప్రచారం వాళ్ల చెవికెక్కలేదు. దళం చెల్లాచెదురై, ఆశ వదులుకున్న వాడికి మాత్రం ఒకటే భయం: చేతులెత్తి బయటికొస్తే కాల్చేస్తారేమో!

ఆ భయానికి మిత్రరాజ్యాలు ఇచ్చిన జవాబు ‘పాసీర్‌షైన్’ అనే అనుమతిపత్రం. ఒక మూలన జెడ్‌జి 61 అనే సంకేతం ఉన్న ముద్రణ చూడండి. కరెన్సీ నోటులా సన్నని అల్లికగీతలు, అమెరికా, బ్రిటన్ రాజముద్రలు, మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ సంతకం. సర్కారీ కాగితమంటే జర్మన్ సైనికుడికి ఉన్న గురిని బాగానే వాడుకున్నారు. జర్మన్‌తో పాటు ఇంగ్లీషులోనూ ఉంటుంది: ఇతన్ని నిరాయుధుణ్ని చేయాలి, తిండి, అవసరమైతే వైద్యం అందించాలి, వీలైనంత త్వరగా ప్రమాద ప్రాంతం నుంచి తరలించాలి. ఆ ఇంగ్లీషు భాగం తుపాకీ గురిపెట్టిన మిత్రరాజ్యాల సైనికుడి కోసం. ఈ తెలివి నాకు భలే నచ్చుతుంది.

అపోహ: ఎంత పెద్ద అబద్ధమైతే అంత ఫలితం.

నిజం చెప్పినా నమ్మని సందర్భాలున్నాయి. అమెరికా శిబిరాల్లో ఖైదీలకు పొద్దున గుడ్లు పెడతారన్నది వాస్తవమే. కందకంలో ఆకలితో ఉన్న జర్మన్లు దాన్ని కోతలుగా కొట్టిపారేశారు. నమ్మించలేని నిజాన్ని పక్కన పెట్టడమూ ఈ పనిలో భాగమే.

అపోహ: విమానంలోంచి విసిరేస్తే చాలు.

ఎత్తు నుంచి విడిచిన కట్టలు గాలికి ఎటో కొట్టుకుపోయేవి. నిప్పుబాంబుల రవాణాకు వాడే గట్టి కాగితపు గొట్టాలనే జేమ్స్ మన్రో అనే అమెరికన్ అధికారి కరపత్రాల బాంబుగా మలిచాడు. ఒక్కోదాంట్లో 80,000 కాగితాలు. వెయ్యి, రెండు వేల అడుగుల ఎత్తుకు దిగాక అది విచ్చుకునేది.

అపోహ: కరపత్రం చేతిలో లేకపోతే రక్షణ లేదు.

ఆయుధం దించి లొంగిపోయిన వాణ్ని చంపకూడదని 1907 నాటి హేగ్ యుద్ధ నిబంధనలే చెబుతున్నాయి. కాగితం ఉన్నా లేకున్నా ఆ హక్కు ఉంటుంది.

అపోహ: 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో భారత సైన్యాధిపతి మానెక్‌షా కరపత్రాలకే 93,000 మంది పాకిస్తానీలు లొంగిపోయారు.

వాట్సాప్‌లో తిరిగే ఈ కథలో మన నావికాదళం సముద్రమార్గాన్ని మూసేసిన సంగతి ఉండదు. తూర్పు పాకిస్తాన్ ఆకాశం మన వాయుసేన చేతికి రావడం, సేనలు మేఘనా నది దాటడం, డిసెంబరు 11న టంగైల్‌లో పారాట్రూపర్లు దిగడం కూడా కనపడవు. ఆ 93,000లో పౌరులూ ఉన్నారు. యుద్ధఖైదీల గురించిన జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తామని కరపత్రాల్లోనూ ఆకాశవాణిలోనూ మానెక్‌షా ఇచ్చిన హామీ విలువ వేరేచోట ఉంది. బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన ముక్తివాహిని ప్రతీకారానికి జడిసిన పాక్ సైనికులకు అది అక్కరకొచ్చింది. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేనాని నియాజీ సంతకం చేసిన లొంగుబాటు పత్రంలోనూ పశ్చిమ పాకిస్తాన్‌కు చెందిన వాళ్లకు భారత సేనాని అరోరా సేనలు రక్షణ కల్పిస్తాయని విడిగా రాశారు.