రోడ్డు ప్రమాదాలు: అపోహలు - వాస్తవాలు

ప్రమాద పరిహారం కేసులు వాదించే వకీలుని. నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో చాలామంది లేని నిబంధనను ఉందనుకుని నష్టపోయినవాళ్లే.

అపోహ: దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు మన మెడకు చుట్టుకుంటుంది.

ప్రాణాలు తీసే అపోహ ఇది. చుట్టూ పదిమంది ఉన్నా ఈ భయంతోనే ఎవరూ చెయ్యి వెయ్యరు. సాయం చేసినవాళ్లను వేధించకూడదంటూ కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను దేశమంతా పాటించాల్సిందేనని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఏ సెక్షన్ వచ్చింది. మంచి మనసుతో సాయం చేసే క్రమంలో ఏదైనా పొరపాటు జరిగి మనిషికి నష్టం కలిగినా, మీ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ నిలవదు. పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. దయచేసి ఆగండి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: ముందు డబ్బు కట్టందే వైద్యం చేయరు.

2025 మే నుంచి కేంద్ర పథకం ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స చేయాలి.

అపోహ: గుద్దిన బండి దొరక్కపోతే పైసా రాదు.

వస్తుంది. మరణిస్తే 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు. ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి.

అపోహ: హెల్మెట్ లేదు కాబట్టి పరిహారం అడగలేం.

తలకు దెబ్బ తగిలినప్పుడు కోర్టు కొంత తగ్గించవచ్చు, అంతే. అవతలి డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా ఆశ వదులుకోవద్దు. చాలా కేసుల్లో ముందు ఇన్సూరెన్స్ కంపెనీని కట్టమని, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు విచారించే కోర్టు) చెబుతుంది.

అపోహ: మైనర్ పిల్లాడు బండిని సందు చివరిదాకే కదా నడిపాడు, ఏం కాదు.

తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా పడొచ్చు. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

అపోహ: కేసు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పరిహారం కేసు వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. దానిపై కోర్టుల్లో వాదనలు నడుస్తున్నాయి, తీర్పు కోసం ఎదురుచూడకండి. పెద్దమనుషుల రాజీ అంటూ ఖాళీ కాగితం మీద సంతకం చేయకండి. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు దాచుకుని వెంటనే వకీలును కలవండి.